స్లో కుక్కర్ చిల్లీ: కొవ్వు, ఉప్పు తగ్గాలి, రుచి తగ్గకూడదు

మీరు అడిగినవి నాలుగు. పొద్దున అన్నీ స్లో కుక్కర్‌లో (సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర) పడేసి వెళ్తే సాయంత్రానికి చిల్లీ (కీమా, బీన్స్, టమాటా, మిర్చిపొడి కలిపి వండే అమెరికన్ కూర) నీళ్లనీళ్లగా ఉంటోంది. పైన నూనె తెట్టు కడుతోంది. ఉప్పు తగ్గిస్తే చప్పబడిపోతోంది. డబ్బా బీన్స్ మానేసి ఎండు రాజ్మా నేరుగా వేసేయొచ్చా? మొదటి మూడింటికీ మూలం ఒకటే, దాని గురించి వివరంగా చెప్తాను. నాలుగోదానికి మాత్రం జవాబు ఒక్క ముక్క: వేయకండి. కొవ్వూ ఉప్పూ నెమ్మదిగా చెరుపు చేస్తాయి. ఇది ఆ రాత్రే చేస్తుంది. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం విషపు మాంసకృత్తు, ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లోపు వాంతులు, ఆ వెనకే విరేచనాలు పట్టుకుంటాయి. బాగా తెర్లే నీళ్లలో, అంటే 100 డిగ్రీల దగ్గర, ఈ పదార్థం నశిస్తుంది. స్లో కుక్కర్ ఆ వేడికి చేరడానికి గంటలు పడుతుంది, కొన్ని అసలు చేరవు. 80 డిగ్రీల దగ్గర ఊరికే నానుతూ ఉంటే విషం తగ్గకపోగా పచ్చి గింజలో కన్నా పెరగొచ్చు కూడా. పైకి గింజ మెత్తగా కనిపిస్తుంది కాబట్టి ఉడికిందనుకుంటాం. మోసమంతా అక్కడే ఉంది.

పద్ధతి ఇది. రాజ్మాను కనీసం 5 గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, గింజలు కడిగి, కొత్త నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. తెర్లడం మొదలైన దగ్గర్నుంచి 10 నిమిషాలు కనీస గడువు. నేనైతే 30 నిమిషాలనే చెప్తాను, ఎందుకంటే గిన్నె మధ్యలో ఉన్న గింజ లోపలికి కూడా ఆ వేడి చేరాలి. ఇంకా తేలిక దారి ప్రెషర్ కుక్కర్. నానిన రాజ్మాను ప్రెషర్ వచ్చాక మంట తగ్గించి 10 నుంచి 12 నిమిషాలు ఉంచి, ప్రెషర్ దానంతటదే దిగనిస్తే మెత్తగా ఉడుకుతాయి. లోపల వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి లెక్టిన్ భయమూ ఉండదు. తెల్ల రాజ్మా, నల్ల బీన్స్, పింటో బీన్స్‌లో ఈ లెక్టిన్ తక్కువే, కానీ అన్నీ ఒకే జాతి గింజలు, నియమం అన్నిటికీ ఒకటే అనుకోండి. డబ్బాలో వచ్చే బీన్స్ ముందే పూర్తిగా ఉడికించినవి. వాటితో ఈ గొడవ లేదు.

ఎండు బీన్స్ గురించి ఇంకో మాట. స్లో కుక్కర్‌లోకి వెళ్లేముందే అవి పూర్తిగా మెత్తబడి ఉండాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే ఇట్టే నలగాలి. "ఎలాగూ ఎనిమిది గంటలు ఉడుకుతాయి కదా" అని సగం ఉడికినవి వేస్తే అవి అలాగే బిరుసుగా మిగిలిపోతాయి. టమాటాలోని పులుపు గింజ గోడలను కరగనివ్వదు. చాలా డబ్బా టమాటాల్లో ముక్క చెదరకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, అది గింజల పొట్టును ఇంకా గట్టిపరుస్తుంది. టమాటా తగిలాక బీన్స్ మెత్తబడతాయని ఆశపెట్టుకోకండి. నానబెట్టే నీళ్లలో లీటరుకు ఒక టేబుల్ స్పూను లోపు ఉప్పు వేస్తే పొట్టు మెత్తగా, పగలకుండా ఉడుకుతుంది. ఆ నీళ్లు పారబోస్తాం కాబట్టి గింజలోకి దిగే ఉప్పు కొద్దిగానే ఉంటుంది. రెండు మూడేళ్లు డబ్బాలో మూలుగుతున్న గింజలైతే ఎంత నానబెట్టినా ఉడకవు. వాటి మీద గ్యాస్ తగలేయకండి.

ఇక మిగతా మూడు ఫిర్యాదులు. స్లో కుక్కర్‌కు చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. అది దేన్నీ ఎర్రగా వేయించలేదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి ఆవిరిని బయటికి పోనివ్వదు, పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి. కరిగిన కొవ్వును ఎక్కడికీ పంపించలేదు, అది పైకి తేలుతుంది. పొయ్యి మీద చిల్లీ చేసేటప్పుడు ఈ పనులన్నీ మనకు తెలియకుండానే జరిగిపోతాయి. మాంసం వేగుతుంది, నీళ్లు ఇగురుతాయి, రుచి చిక్కబడుతుంది. స్లో కుక్కర్‌లో అవేవీ జరగవు కాబట్టి ఆ వెలితిని చాలామంది ఉప్పుతోనూ చీజ్‌తోనూ పూడుస్తారు. ఆరోగ్యం దెబ్బతినేది అక్కడ. కాబట్టి ఉప్పూ కొవ్వూ తగ్గించాలంటే ముందు 20 నుంచి 25 నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడాలి, చివర ఇంకో అరగంట గిన్నె మీద కన్నేసి ఉంచాలి. మధ్యలో మీరు ఎక్కడికి వెళ్లినా ఫర్వాలేదు. "అన్నీ పడేసి వెళ్లిపోండి" అని రాసే వంటల్లో చిల్లీకి నప్పేవి బహు తక్కువ.

మసాలా దగ్గర మనవాళ్లు తరచూ పడే గొయ్యి ఒకటుంది. అమెరికన్ వంట విధానాల్లో "చిల్లీ పౌడర్ మూడు టేబుల్ స్పూన్లు" అని కనిపిస్తుంది. అది మన కారం కాదు. ఘాటు తక్కువ ఉండే ఎండుమిర్చి పొడిలో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిపిన మిశ్రమం అది. చాలా బ్రాండ్లలో ఉప్పు కూడా ఉంటుంది. అదే కొలతకు కారం వేస్తే ఆ గిన్నెను ఎవరూ కాపాడలేరు. "చిల్లీ సీజనింగ్" అని ప్యాకెట్లలో వచ్చేది ఇంకో సరుకు. దాంట్లో ఉప్పు, చక్కెర, చిక్కదనానికి పిండి కూడా కలుపుతారు. ప్యాకెట్ వెనక సోడియం అంకె చూస్తే విషయం తెలుస్తుంది. మసాలా ఇంట్లోనే కలుపుకుంటే ఒక్క గ్రాము ఉప్పు కూడా లోపలికి రాదు, పైగా ఐదు నిమిషాల పని.

ఆరు పెద్ద గిన్నెలకు సరిపడే కొలతలు ఇవి. ఐదున్నర నుంచి ఆరు లీటర్ల స్లో కుక్కర్‌లో సగానికి కొంచెం పైగా వస్తుంది, ఉండాల్సింది కూడా అంతే. సగానికన్నా బాగా తక్కువుంటే అంచులు మాడతాయి, మూడింట రెండు వంతులు దాటితే మధ్యభాగం వేడెక్కడం ఆలస్యమవుతుంది. మీది మూడున్నర లీటర్లదైతే అన్నీ మూడింట రెండు వంతులు వేసుకోండి.

కొవ్వు 7 శాతం ఉన్న బీఫ్ కీమా గానీ టర్కీ కీమా గానీ 450 గ్రాములు
సన్నగా తరిగిన పుట్టగొడుగులు 225 గ్రాములు
ఎండు రాజ్మా 250 గ్రాములు (ఉడికాక సుమారు 600 గ్రాములవుతాయి), లేదా ఉప్పు వేయని డబ్బా బీన్స్ 400 గ్రాములవి రెండున్నర డబ్బాలు, నీళ్లు వంపి కడిగినవి
ఉప్పు కలపని డబ్బా టమాటా ముక్కలు, రసంతో సహా 800 గ్రాములు
టమాటా పేస్ట్ 3 టేబుల్ స్పూన్లు
ఉల్లిపాయలు మధ్యరకంవి 2, క్యాప్సికమ్ 2, క్యారెట్ 1 (తురిమినది), వెల్లుల్లి 5 రెబ్బలు
ఉప్పు లేని స్టాక్ (మాంసం గానీ కూరగాయలు గానీ ఉడికించి వడకట్టిన నీళ్లు) గానీ మామూలు నీళ్లు గానీ 1 కప్పు, అంటే 240 మిల్లీలీటర్లు, అంతకు మించి వద్దు
నూనె 1 టేబుల్ స్పూను
ఉప్పు ముప్పావు టీస్పూను, చివర్లో కావాలంటే ఇంకో పావు
నిమ్మరసం గానీ వెనిగర్ గానీ 1 టేబుల్ స్పూను, చివర్లో

మసాలాకు: ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఎండుమిర్చి పొడి (ఆంచో అనే మెక్సికన్ మిర్చి దొరికితే అదే మేలు) 2 టేబుల్ స్పూన్లు, పాప్రికా 1 టేబుల్ స్పూను, జీలకర్ర పొడి 1 టేబుల్ స్పూను, ఎండు ఒరెగానో 2 టీస్పూన్లు, స్మోక్డ్ పాప్రికా 1 టీస్పూను, ధనియాల పొడి 1 టీస్పూను, చక్కెర లేని కోకో పొడి 1 టీస్పూను, మామూలు కారం అర టీస్పూనుతో మొదలుపెట్టి మీ నోటికి తగ్గట్టు. ఆంచో దొరక్కపోతే దాని బదులు కూడా పాప్రికానే వేసేయండి. కోకో చూసి కంగారుపడకండి, చాక్లెట్ రుచి రాదు. మాంసం తక్కువున్న కూరకు కాస్త గాఢత ఇస్తుంది. రెండు టీస్పూన్లు దాటితే మాత్రం చేదెక్కుతుంది.

మాంసం సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. కొవ్వు 20 శాతం ఉన్న కీమా 450 గ్రాముల్లో సుమారు 90 గ్రాముల కొవ్వు ఉంటుంది, 7 శాతందైతే 32 గ్రాములు. గ్రాము కొవ్వుకు 9 కేలరీల లెక్కన తేడా ఐదు వందలకు పైగానే. దీన్ని పచ్చిగా స్లో కుక్కర్‌లో వేస్తే ఆ కొవ్వంతా మీ గిన్నెలోనే ఉండిపోతుంది. మీరు చూసిన నూనె తెట్టు అదే. వేరే కీమా దొరకక 20 శాతందే వాడాల్సి వస్తే పెనం మీద పూర్తిగా వేయించి, పెనం వంచి, దిగిన కొవ్వును చెంచాతో తీసేయండి. చాలావరకు పోతుంది. వేగిన కీమాను వేడినీళ్లతో కడిగేవాళ్లు కూడా ఉన్నారు. కొవ్వు ఇంకాస్త తగ్గే మాట నిజమే, కానీ దాంతోపాటు వేయించిన రుచి కూడా సింకులోకి పోతుంది. అది నాకు నచ్చని బేరం.

అలాగని మరీ కొవ్వు లేనిదానికి వెళ్లినా ఇబ్బందే. తోలూ కొవ్వూ లేని టర్కీ రొమ్ము కీమాను ఆరు గంటలు ఉడికిస్తే రంపపు పొట్టు నమిలినట్టుంటుంది. చికెన్ రొమ్ముముక్కలూ అంతే, పీచుపీచుగా విడిపోతాయి. చికెన్ వేయాలనుకుంటే తోలు తీసిన తొడ మాంసం వాడండి. పుట్టగొడుగులు ఇక్కడే అక్కరకొస్తాయి. వాటిని కీమా పలుకంత సన్నగా తరిగి వేస్తే తేమను పట్టి ఉంచుతాయి, మాంసపు రుచిని పెంచుతాయి, సగం కొలత మాంసం తగ్గించినా తినేవాళ్లు పసిగట్టలేరు.

కీమా బదులు ముక్కలు కావాలంటే భుజం దగ్గరి చక్ మాంసాన్నే తీసుకోండి, రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా. కొవ్వు లేదు కదా అని వెనకకాలి మాంసం తీసుకుంటే ఎనిమిది గంటల తర్వాత ఎండు కట్టెలే. చక్‌లో ఉండే కొల్లాజెన్ గంటల తరబడి వేడికి జెలటిన్‌గా మారి ముక్కను మెత్తబరుస్తుంది. కానీ దాంట్లో కొవ్వు ఎక్కువ కదా? దానికో ఉపాయం ఉంది. ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి కొవ్వంతా పైన పలకలా గడ్డకడుతుంది, చెంచాతో ఎత్తి పారేయొచ్చు. స్లో కుక్కర్ వంటల్లో కొవ్వు తీయడానికి ఇంతకన్నా నికరమైన దారి లేదు.

ఇక చేసే విధానం. పెద్ద పెనం బాగా వేడిచేసి ముందు పుట్టగొడుగులు నూనె లేకుండానే వేయండి. అవి నీళ్లొదిలి, ఆ నీళ్లు ఇగిరి, అంచులు ఎర్రబడేదాకా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఈ పని ఎగ్గొడితే ఆ నీళ్లన్నీ చిల్లీలో తేలుతాయి. వాటిని తీసి స్లో కుక్కర్‌లో వేసి, పెనంలో ఒక టీస్పూను నూనె వేసి కీమాను రెండు విడతలుగా వేయించండి. పెనంలో పరిచాక మూడు నిమిషాలు కదపొద్దు. అడుగు గోధుమరంగులోకి తిరిగాకే గరిటెతో విడగొట్టండి. ఒకేసారి కుక్కితే మాంసం వేగదు, తన నీళ్లలో తానే ఉడికి బూడిదరంగుకు వస్తుంది.

మాంసం తీసేశాక అదే పెనంలో మిగిలిన నూనె వేసి ఉల్లిపాయలు మెత్తబడేదాకా ఆరేడు నిమిషాలు వేయించండి. ఉల్లిపాయను పచ్చిగా స్లో కుక్కర్‌లో వేస్తే టమాటా పులుపులో ఎనిమిది గంటలైనా కరకరమంటూనే ఉంటుంది, బీన్స్ విషయంలో చెప్పిన కారణమే. తర్వాత వెల్లుల్లి అర నిమిషం. ఆపైన టమాటా పేస్ట్ వేసి, ఎరుపు ముదిరి ఇటుక రంగుకు వచ్చేదాకా రెండు నిమిషాలు. అప్పుడు మంట తగ్గించి మసాలా పొడులన్నీ వేసి 30 నుంచి 60 సెకన్లు కలపండి. జీలకర్రలో, మిర్చిలో ఉన్న సువాసన నూనెలోనే విప్పారుతుంది, నీళ్లలో కాదు. తాలింపు వేసే చేతికి ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు. అయితే నిమిషం దాటితే మిర్చిపొడి మాడి చేదెక్కుతుంది, కాబట్టి స్టాక్ కప్పు ముందే చేతికందేలా పెట్టుకోండి. ఘుమఘుమ రాగానే పోసి, పెనం అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకి కలపండి. రుచిలో సగం ఆ గీకుడులోనే ఉంది.

అది స్లో కుక్కర్‌లోకి వంపి, వేగిన మాంసం, ఉడికిన బీన్స్, టమాటా, క్యారెట్ తురుము, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి కలిపి మూతపెట్టండి. కుక్కర్ మీటను 'లో' మీద పెడితే 6 గంటలు, 'హై' మీద పెడితే 3 గంటలు. చాలా మోడళ్లలో లో అయినా హై అయినా చివరికి చేరే వేడి దాదాపు ఒకటే, చేరడానికి పట్టే సమయంలోనే తేడా. మాంసం, బీన్స్ ముందే ఉడికి ఉన్నాయి కాబట్టి పది గంటలు అక్కర్లేదు. అంతసేపు ఉంచితే బీన్స్ చితికి, మసాలా వాసన పోయి, అంతా ఒకే ముద్దగా అవుతుంది. చక్ ముక్కలైతే మాత్రం లో మీద 8 నుంచి 9 గంటలు కావాలి. మధ్యలో మూత తీసి చూడాలన్న కోరికను అదుపులో పెట్టుకోండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

క్యాప్సికమ్ మొదట్లో వేయొద్దు, చివరి గంటలో వేయండి. రంగూ ఉంటుంది, కొరకడానికీ ఏదో ఉంటుంది. మొక్కజొన్న గింజలు వేస్తే చివరి అరగంటలో. పాలకూర లాంటి ఆకుకూర గుప్పెడు వేయాలనుకుంటే చివరి పది నిమిషాల్లో. పెరుగు, క్రీమ్ లాంటివి గిన్నెలో పోయకండి, ఆ పులుపుకు విరుగుతాయి. గిన్నెల్లోకి వడ్డించాకే పైన వేసుకోవాలి.

చివరి అరగంట ఎందుకన్నానంటే, చిక్కదనం, పులుపు, ఉప్పు అప్పుడే తేలాలి. నీళ్లగా ఉంటే మూత తీసి హై మీద 30 నుంచి 45 నిమిషాలు ఉంచండి. అంత టైం లేకపోతే కప్పు బీన్స్ తీసి గరిటెతో మెదిపి మళ్లీ కలపండి. దీనికి కేలరీలూ పెరగవు, పిండి వాసనా రాదు. మాసా హరీనా అనే మొక్కజొన్న పిండి దొరికితే ఒక టేబుల్ స్పూను చల్లటి నీళ్లలో కలిపి పోసి 15 నిమిషాలు ఉంచినా చక్కగా చిక్కబడుతుంది. రేపటికి ఎలాగూ ఇంకాస్త గట్టిపడుతుంది కాబట్టి, కావలసినదానికన్నా ఒక్క పిసరు పలచగా దించడమే మంచిది.

ఉప్పు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు. ఒక టీస్పూను ఉప్పు సుమారు 6 గ్రాములు, అది ఆరు గిన్నెలకు పంచితే గిన్నెకు ఒక గ్రాము. మాంసంలో, టమాటాలో సహజంగా ఉండే సోడియం కలిపినా గిన్నెకు 450 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. అదే మామూలు డబ్బా బీన్స్, ఉప్పున్న డబ్బా టమాటా, స్టాక్ క్యూబ్, మసాలా ప్యాకెట్ అన్నీ కలిస్తే మీరు చెంచాతో ఒక్క కణం వేయకపోయినా దానికి రెట్టింపు దాటడం పెద్ద కష్టం కాదు. అంటే ఉప్పు తగ్గించాల్సింది డబ్బాల్లో, ఉప్పు డబ్బీలో కాదు. మామూలు డబ్బా బీన్సే ఉన్నాయంటే ఆ ద్రవం వంపేసి, జల్లెడలో పోసి ధారగా నీళ్ల కింద కడగండి, సోడియం మూడో వంతుకు పైగా పోతుంది. సోడియం తగ్గించిన పొటాషియం ఉప్పు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నా, బీపీ మందులు వాడుతున్నా, ముందు డాక్టర్‌ను అడిగి వాడాలి.

చప్పగా అనిపించినప్పుడు చేయి ఉప్పు మీదికి వెళ్లేముందు నిమ్మరసం మీదికి వెళ్లాలి. గంటల తరబడి ఉడికిన వంటలో పైరుచులు అణిగిపోతాయి. ఒక టేబుల్ స్పూను నిమ్మరసం గానీ ఆపిల్ సిడర్ వెనిగర్ గానీ కలిపి, రెండు నిమిషాలాగి రుచి చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు లోటు ఉప్పుది కాదు, పులుపుదే. అప్పటికీ చాలకపోతే దాచుకున్న పావు టీస్పూను ఉప్పు, అర టీస్పూను జీలకర్ర పొడి. ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందంటారు. అది లాగేది తన చుట్టూ ఉన్న ఉప్పునీళ్లనే, మిగిలిన దాని ఉప్పదనం అలాగే ఉంటుంది. ఉప్పు లేని టమాటా, ఉప్పు లేని బీన్స్ ఇంకొన్ని కలపడమే దారి. కారం ఎక్కువైనా అదే మందు, పైన రెండు చెంచాల పెరుగు వేసుకుంటే నోరు ఊరడిల్లుతుంది. చేదు వచ్చిందంటే మసాలా గానీ వెల్లుల్లి గానీ మాడిందన్నమాట. క్యారెట్ తురుము ఇంకొంచెం వేస్తే కొంతవరకు కప్పుతుంది, పూర్తిగా పోదు.

ఈ కొలతల లెక్కన ఒక గిన్నెకు సుమారు 350 కేలరీలు, 28 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు, 9 గ్రాముల కొవ్వు వస్తాయి. పీచులో పెద్ద వాటా బీన్స్‌దే. టెక్సస్‌లో అసలు చిల్లీలో బీన్స్ వేయడమే తప్పనే వాదం గట్టిగా ఉంది. 1977లో ఆ రాష్ట్రం చిల్లీని అధికారిక వంటకంగా కూడా ప్రకటించుకుంది. వాళ్ల పట్టుదల వాళ్లది. పీచు కావాలనుకున్నవాళ్లు బీన్స్ తీసేసి చేసే చిల్లీ మాత్రం ఒట్టి మాంసం కూరే. రోజూ పీచు తక్కువ తినే ఇంట్లో ఒక్కసారిగా పెద్ద గిన్నె తింటే కడుపు ఉబ్బరిస్తుంది. మొదటి వారం అర గిన్నెతో మొదలుపెట్టమనండి.

మాంసం అసలే వద్దనుకుంటే కీమా స్థానంలో ఒక కప్పు మసూర్ గింజలు, పొట్టుతో ఉన్న గోధుమరంగువి, విడిగా పలుకు విరిగేదాకా ఉడికించి వేయండి. పుట్టగొడుగులు 400 గ్రాములకు పెంచండి. బీన్స్ రెండు రకాలు కలపండి, రాజ్మా సగం, నల్ల బీన్స్ సగం. ఎర్ర మసూర్ పప్పు పావు కప్పు మొదట్లోనే వేస్తే కరిగిపోయి చిక్కదనం ఇస్తుంది, అప్పుడు స్టాక్ ఇంకో అర కప్పు కావాలి. మాంసం లేని చిల్లీలో నూనె 2 టేబుల్ స్పూన్లు చేయండి, లేకపోతే మసాలా పచ్చిపచ్చిగా ఉండిపోతుంది.

పైన చల్లుకునేవి లెక్కలోకి రావనుకుంటారు చాలామంది. 30 గ్రాముల చెడ్డార్ చీజ్ అంటే 120 కేలరీల దాకా ఉంటుంది, దాని పక్కన చిప్స్ గిన్నె ఉంటే ఇందాక కీమాలో తగ్గించినదంతా తిరిగొచ్చినట్టే. సోర్ క్రీమ్ బదులు వడకట్టిన గట్టి పెరుగు, చిప్స్ బదులు సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, పచ్చి క్యాబేజీ తురుము. చీజ్ కావాల్సిందే అంటే ఘాటైన రకం ఒక టేబుల్ స్పూను చాలు. అవకాడో మంచి కొవ్వే గానీ పావు ముక్కకు మించొద్దు.

కొన్ని జాగ్రత్తలు మిగిలాయి. గడ్డకట్టిన మాంసాన్ని అలాగే స్లో కుక్కర్‌లో వేయకూడదు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది, గడ్డకట్టిన ముద్ద ఆ మధ్యలో గంటలు గంటలు ఉండిపోతుంది. రాత్రే అన్నీ సిద్ధం చేసుకునేవాళ్లు మాంసాన్ని పూర్తిగా ఉడికించి, వెంటనే చల్లార్చి, కూరగాయల నుంచి విడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. సగం వేయించి దాచడం పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పింగాణీ పాత్రను వేడి బేస్ మీద పెడితే పగులుతుంది, కాబట్టి సరుకులు వేరే డబ్బాల్లో ఉంచండి. మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడ్డానికి ఉడికినట్టున్నా పారేయడమే.

మిగిలినదాన్ని ఆ పాత్రలోనే ఫ్రిజ్‌లో పెట్టకండి. మందపాటి పింగాణీ వేడిని వదలదు, మధ్యభాగం చల్లబడేసరికి అర్ధరాత్రవుతుంది. లోతు తక్కువ డబ్బాల్లో సర్ది, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఫ్రీజర్‌లో మూడు నెలలు, ఒక్కో పూటకు సరిపడా విడివిడిగా, డబ్బాలో పైన రెండు వేళ్ల జాగా వదిలి. తిరిగి వేడిచేసేటప్పుడు స్లో కుక్కర్ వాడకూడదు, అది మరీ నెమ్మది. పొయ్యి మీదో మైక్రోవేవ్‌లోనో మధ్యభాగం 74 డిగ్రీలు చేరేదాకా, అంటే అంతటా బుడగలొచ్చి పొగలు కక్కేదాకా వేడిచేయండి. రెండోరోజు గట్టిపడి ఉంటుంది కాబట్టి నాలుగు చెంచాల నీళ్లు, తినేముందు మళ్లీ కొంచెం నిమ్మరసం.